బుగ్గల దేవదూత ఎవరింటివాడు

"...ఆ ఎడమచేతివైపు స్తంభం ఉంది చూశారా, ద్రాక్షతీగ చుట్టుకున్నది, దాని నెత్తిన కూర్చుని కాళ్లూపుతున్నాడే బుగ్గల పిల్లాడు, వాడు మా ఇంటివాడు. అలా దూరంనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది? ముందుకు రండి. దేవుడేం కరవడు."

ఆ మాటకి ఇద్దరూ రెండడుగులు ముందుకేశారు. హాలండు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఎంత పొడుగంటే, మా కోంబెరోల్ ఊరి చర్చి గుమ్మం దగ్గర తలలు వంచుకుని మరీ లోపలికి వచ్చారు. అది భక్తి అనుకుని, చర్చి చూపిస్తున్న పెరోన్ ముచ్చటపడింది గానీ, పాపం వాళ్ల భయమంతా నుదురు గురించే.

"మీ ఇంటివాడు అంటే?" అన్నాడాయన, వచ్చీరాని ఫ్రెంచిలో.

"మా ఇంటివాడంటే మా ఇంటివాడే. ఈ పూజాపీఠం చెక్కినాయన ఇటలీ నుంచి కనుమ దాటి నడిచి వచ్చాడు. దేవదూతల మొహాలెలా ఉంటాయో ఆయనకి మాత్రం ఏం తెలుసు, చూశాడా పెట్టాడా? అందుకని ఆ చలికాలమంతా ఇంటింటికీ తిరిగి, ఉయ్యాలల్లో పిల్లల్ని చూసుకుని చెక్కాడు. ఏ ఇంటి పిల్ల ఏ మూలనుందో ఊళ్లో అందరికీ తెలుసు. అదిగో, ఆ ఏడుపుమొహం రొట్టెల దుకాణం వాళ్లది. నమ్మకపోతే పొద్దున్నే వెళ్లి రొట్టె అడిగి చూడండి. పైన నిద్రపోతున్నవాడు మేయరుగారి వంశం. మావాడు నవ్వుతున్నాడు. బొషేల ఇంట్లో ఏడుపుమొహాలు పుట్టవు. ముక్కు చూడండి, ముక్కు!"

అని తన మొహం పక్కకి తిప్పి చూపించింది. చివర కాస్త పైకి లేచిన గుండ్రటి ముక్కు. పైనున్న బంగారుపూత పిల్లాడిది కూడా అలాంటిదే. హాలండు ఆవిడ వాణ్ణీ పెరోన్‌నీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వేసింది.

నేను చివరి బెంచీ మీద కూర్చుని వింటున్నాను. గోపురంలో గడియారానికి గురువారం గురువారం కీ ఇవ్వడం నా పని. కీ ఇచ్చి దిగివచ్చాక అక్కడ కాసేపు కూర్చోవడం మాత్రం ఎవరూ అప్పజెప్పిన పని కాదు. నేను కింద లోయలో పుట్టినవాణ్ణి. పెళ్లి చేసుకుని ఈ సవోయి కొండ ఎక్కాను. ఊరి గురించి నాకు తెలిసిందంతా ఆ బెంచీ మీద కూర్చుని పెరోన్ నోట విన్నదే. ఇన్నేళ్లయినా ఆమె నన్ను పేరుపెట్టి పిలవదు. "గడియారం అబ్బాయ్" అంటుంది. నా జుట్టు నెరిసిందని ఎవరైనా చెబితే, "ఎత్తు మీదకొచ్చాడుగా, మంచు పడి ఉంటుంది" అంటుంది.

పెరోన్ బొషేకి ఎనభై దగ్గరపడుతున్నాయి. చిన్నప్పుడు వేసవంతా పైమేతల్లో ఆవులు కాసింది. తర్వాత బడి వంటశాలలో గరిటె పట్టింది. ఊళ్లో నలభై దాటినవాళ్లంతా ఆమె చేతి సూపు తిన్నవాళ్లే. ఇప్పటికీ ఆమె కనిపిస్తే, పోలీసాయనతో సహా, తెలియకుండానే చేతులు కడుక్కున్నామా లేదా అని చూసుకుంటారు. భర్త సెరఫిన్ మంచుకొండ మీదికి మనుషుల్ని తీసుకెళ్లే తీగబండి నడిపేవాడు. ఆయన పోయి పదిహేనేళ్లు కావస్తోంది. అప్పటినుంచి చర్చి తాళం ఆమె నడుముకే వేలాడుతోంది. ఊడవడం, మైనం పట్టించడం, పూలు మార్చడం, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి కథలు చెప్పడం, అన్నీ ఆమే.

"ఎలాగూ అంత ఎత్తున పుట్టారు, ఆ చేతులు ఖాళీగా ఎందుకు?" అని అప్పుడే ఆ హాలండు ఆయనకి ఈకల చీపురు అందించింది. "ఏడుపుమొహాన్నించి మొదలుపెట్టండి. మావాణ్ణి మెల్లిగా తుడవండి, గిలిగింతలు వాడికి."

ఆయన నిచ్చెన లేకుండానే దేవదూతల బుగ్గలు దులుపుతుంటే, భార్య పక్కన మండపంలోకి చూసింది. అక్కడ నేలమీద, కొత్త నీలం పట్టుతో చుట్టిన పల్లకిలో, మరియమ్మ స్వరూపం నిలబడి ఉంది. మరుసటి వారంలోనే ఆగస్టు పదిహేను, మోక్షారోపణ పండుగ.

"ఈ తల్లిని ఎవరు మోస్తారు?" అంది ఆవిడ.

పెరోన్ గుడ్డ తీసుకుని, అప్పటికే మెరుస్తున్న మోతకర్రని ఒకసారి తుడిచింది.

"నేనే" అంది. "అంటే... నేనే."

ఆ రెండో "నేనే" ఎందుకంత చిన్నగా వచ్చిందో నాకు తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు.

మా ఊళ్లో మరియమ్మని ఆడవాళ్లే మోస్తారు, నలుగురు. నల్లటి గౌను, రంగుల శాలువా, నుదుటి మీదికి మూడు మొనలుగా దిగే జరీ అంచు నల్లటోపీ పెట్టుకుని, చర్చి దగ్గర్నుంచి కొండ మీది చిన్న గుడిదాకా ఎక్కి, మళ్లీ దిగుతారు. ఆ నలుగురూ ఒక్క ఎత్తులో ఉండాలి. అందుకని పూజవస్త్రాల గది ద్వారబంధానికి ఒక గాటు ఉంది. పండుగ ముందు శనివారం ఒక్కొక్కరూ వచ్చి దానికి ఆనుకుని నిలబడతారు. భుజం గాటుకి అందితే మోస్తారు. అందకపోతే స్థానం ఇంకొకరిది. ఒకసారి వదిలిన స్థానం మళ్లీ తిరిగి రాదు.

పెరోన్ భుజం యాభై ఏళ్లకి పైగా ఆ గాటుకి అందుతూ వచ్చింది. వయసు మీదపడ్డాక మోకాలు, నడుము, అన్నీ కలిసి ఆమెని మెల్లిమెల్లిగా కిందికి దించాయి. పోయిన ఏడాది, పెద్దావిడ కదా అని, ఎవరూ గాటు వంక సరిగ్గా చూడలేదు. దాంతో ఊరేగింపు పొడుగునా మరియమ్మ పెరోన్ వైపుకి వాలిపోయి నడిచింది. సగం దారిలో కిరీటం జారి చెవికి వేలాడింది. "పెరోన్ ఏం చెబుతోందో వినడానికి తల్లి అలా వంగింది" అన్నారు జనం. ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వింది పెరోనే. ఇంటికి వెళ్లాక మాత్రం రెండు రోజులు తలుపు తియ్యలేదు.

ఈ ఏడాది గాటు గాటే అని తేల్చేశారు. పెరోన్ స్థానంలోకి కోరలీ వస్తుందని అనుకుంటున్నారు. శీతాకాలంలో పిల్లలకి మంచుమీద జారడం నేర్పే పిల్ల. మనిషి మంచిది, దేవదారు చెట్టులా ఉంటుంది.

దులపడం అయ్యాక పెరోన్ ఆ దంపతుల్ని వదల్లేదు. చౌకులో సంతకి అరువిచ్చిన బెంచీ ఒకటి ఇంకా కిందే ఉంది, మెట్లెక్కించి తేవాలి. "నలుగురం ఉన్నాం, నాలుగు చేతులు వేస్తే అయిపోతుంది" అని అందర్నీ బయటికి తోలింది. బెంచీ మీద మైనం డబ్బా పెట్టింది, అదెందుకు వేరే మొయ్యడమని. హాలండువాళ్లు మర్యాదగా ముందు పట్టుకున్నారు. వెనక పెరోన్, నేను. నేనూ పొట్టివాణ్ణే.

మెట్లు ఎక్కడం మొదలుపెట్టామో లేదో, ముందుభాగం ఆకాశంలోకి లేచింది. మైనం డబ్బా సర్రున జారి వచ్చి నా కడుపులో తగిలింది.

"ఆగండి ఆగండి! బెంచీని ఎక్కిస్తున్నారా, మమ్మల్ని కిందికి దొర్లిస్తున్నారా? మీరిలా రండి. పొడుగువాళ్లు కింద ఉండాలి. పొట్టివాళ్లం పైన."

మారాం. మళ్లీ ఎక్కాం. ఈసారి బెంచీ గిన్నెలో నీళ్లలా సమంగా ఉంది. డబ్బా పెట్టినచోటే ఉంది.

సగం మెట్ల మీద పెరోన్ టక్కున ఆగిపోయింది. ఆమె ఆగితే మేం ముగ్గురం కూడా ఆగాలి కదా, బెంచీతో సహా ఆగాం.

"గడియారం అబ్బాయ్" అంది, డబ్బా మీదనుంచి చూపు తిప్పకుండా. "పై గుడిదాకా దారి ఎలా ఉంటుంది?"

"ఎక్కుడే. చివరిదాకా ఎక్కుడే."

"మరి నలుగురూ ఒక్క ఎత్తుండాలని ఎవడు చెప్పాడు? ముందు ఇద్దరు పొట్టివాళ్లు, వెనక ఇద్దరు పొడుగువాళ్లు. దిగేటప్పుడు అటువాళ్లు ఇటు. తల్లి నిటారుగా నిలబడుతుంది!"

"మాదాం, బరువుగా ఉంది" అన్నాడు వెనకనుంచి హాలండు ఆయన.

"ఉండండి నాయనా, దేవుడు మాట్లాడుతున్నాడు."

వాళ్లిద్దర్నీ చీజు ముక్కా రొట్టె ఇచ్చి, దీవించి సాగనంపాక, బెంచీ మీదే కూలబడింది. మొహం వెలిగిపోతోంది. మరుక్షణమే ఆ వెలుగు కాస్త తగ్గింది.

"ముందు ఇద్దరం కావాలి" అంది. "నా ఎత్తు మనిషి ఇంకొకతె."

"మేయరుగారి భార్య?"

"ఆవిడ మడమల చెప్పులు విప్పితే సరిగ్గా నా ఎత్తే. కానీ విప్పదు. విప్పితే మేయరుకంటే పొట్టి అని తెలిసిపోతుందిగా."

"రొట్టెల దుకాణం పెద్దావిడ?"

"తుంటి. కర్ర పట్టుకుని నడుస్తోంది."

ఇంక మిగిలింది ఒక్క పేరే. ఇద్దరం ఒకేవైపు చూశాం. చౌకు అవతల, నీళ్లతొట్టి పక్క ఇంటి కిటికీలో, ఎర్రటి జెరేనియం పూల వెనక తెల్లటి తల ఒకటి కదులుతోంది. ఒడీల్ షెనల్. పెరోన్‌కి బడిలో ఒక బల్ల మీద కూర్చున్న స్నేహితురాలు. చాలా ఏళ్లుగా ఒకరితో ఒకరికి మాటల్లేవు.

కారణం ఆ బుగ్గల పిల్లాడే. పీఠం మీది కొవ్వొత్తుల మసి తుడవడానికి అప్పట్లో పట్నంనుంచి పనివాళ్లు వచ్చారు. వాళ్లు తుడిచాక పిల్లాడి గడ్డం మీద ఒక సొట్ట బయటపడింది. షెనల్‌ల ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ ఉండే సొట్ట. ఒడీల్ ఆ ఆదివారమే చర్చి మధ్యలో నిలబడి, "మావాణ్ణి ఇన్నాళ్లూ దొంగిలించి పెట్టుకున్నారు" అంది. పెరోన్ "ముక్కు చూడవే ముందు" అంది. ఫాదరుగారు ప్రసంగం మొదలుపెట్టేలోపు ఊరు ముక్కువాళ్లూ గడ్డంవాళ్లూ అని రెండుగా చీలిపోయింది.

"కోరలీకి ఇచ్చెయ్యొచ్చు కదా, పెరోన్" అన్నాను, మెల్లిగా. "ఇన్నేళ్లు మోశావు."

ఆమె నాకేసి తిరగలేదు.

"సెరఫిన్ పండుగకి నెల ముందు పోయాడు. ఆ ఏడు నాకు కాళ్లు నిలబడేవి కావు. అందరూ వద్దన్నారు. అయినా భుజం పెట్టాను. కర్ర భుజం మీద ఉంది కాబట్టి నిలబడ్డాను అబ్బాయ్. నేను తల్లిని మోశాననుకున్నారు అందరూ. సమాధుల గేటు దగ్గర ఆగుతాం కదా, అక్కడ కర్ర కాస్త నా వైపు తిప్పితే తల్లి మొహం ఆయన వైపుకి తిరుగుతుంది. ప్రతి ఏడూ తిప్పుతాను. కోరలీ మంచి పిల్లే. కానీ దానికి ఆయన ఎక్కడున్నాడో తెలీదు కదా."

తర్వాత లేచి, అప్రాన్ దులుపుకుంది.

"పద. మధ్యలో ఒకడు కావాలి మాట్లాడ్డానికి."

ఒడీల్ గుమ్మం ముందు కూర్చుని బ్లూబెర్రీలలో ఆకులు ఏరుతోంది. వేళ్లు, పెదాలు కూడా నీలంగా ఉన్నాయి. మమ్మల్ని చూసి లేవలేదు. పెరోన్ ఆమెకి రెండడుగుల దూరంలో నిలబడి నాతో మాట్లాడ్డం మొదలుపెట్టింది.

"ఆవిడతో చెప్పు, పండుగకి పల్లకి ముందువైపు కర్ర మొయ్యడానికి నా పక్కన ఒక మనిషి కావాలని."

"ఒడీల్, పెరోన్ ఏమంటోందంటే..."

"నాకు చెవుడు లేదు" అంది ఒడీల్, నాతోనే. "ఆవిణ్ణి అడుగు, గాటు సంగతేమిటని."

పెరోన్ బెంచీ సంగతి, మైనం డబ్బా సంగతి మొత్తం నాకు వివరించింది. నేను కళ్లారా చూసిందే మళ్లీ విన్నాను. ఒడీల్ పళ్లు ఏరుతూనే ఉంది గానీ, చెయ్యి నెమ్మదించింది.

"బాగుంది. ఇంకోటి అడుగు. ఆ గాటు కింద, రెండు వేళ్ల వెడల్పు కింద, పాత గాటు ఒకటి ఉంది. మా అమ్మ దానికే నిలబడింది. వాళ్లమ్మ కూడా. దాని పైన కొత్త గాటు పెట్టించింది ఎవరో అడుగు."

నాకు ఆ సంగతి తెలీదు. పెరోన్ మొహం ఎర్రబడింది. మొదటిసారి నన్ను దాటి నేరుగా ఆమెకే జవాబిచ్చింది.

"అప్పుడు నాకు ఇరవై రెండేళ్లే, ఒడీల్!"

"నాకూ ఇరవై రెండేళ్లే, పెరోన్. మోద్దామని గౌను కుట్టించుకున్నాను. నువ్వూ నీ పొడుగు స్నేహితురాళ్లూ కలిసి, తల్లి ఇంకా ఎత్తున కనబడాలని పాత ఫాదరుగారి చెవిలో ఊదారు. ఆ గౌను ఇప్పటికీ పెట్లో ఉంది."

నేను గోడమీది పిల్లికేసి చూశాను. పిల్లి కూడా ఎటో చూస్తోంది.

"నేను పెట్టించిన గాటే నన్ను బయటికి పంపుతోందిగా" అంది పెరోన్ చివరికి. "నవ్వుకో, నవ్వుకో. నువ్వే నవ్వాలి."

ఒడీల్ నిజంగానే నవ్వింది. నీలం పళ్లతో.

"మోస్తాను. ఒక్క షరతు. చర్చికి వచ్చినవాళ్లందరికీ ఆ బుగ్గల పిల్లాడు షెనల్‌ల ఇంటివాడని చెప్పాలి. నీ నోటితో. గట్టిగా."

పెరోన్ నావైపు తిరిగింది. "ఆవిడతో చెప్పు, వంద ఏళ్లకి చెబుతానని" అని చరచరా వెళ్లిపోయింది.

శనివారం సాయంత్రం నన్ను పూజవస్త్రాల గదికి రమ్మని కబురు పెట్టింది, తగవొస్తే సాక్షి కావాలట. ఫాదర్ దియుదొన్నె అక్కడ ఉన్నాడు. ఆయన ఆఫ్రికా నుంచి వచ్చినాయన. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయన ఒక్కడే ఫాదరు. ఆగస్టులో కూడా ఉన్ని స్వెట్టరు విప్పడు. కోరలీ వచ్చింది, ఇంకో ఇద్దరు పొడుగు అమ్మాయిలు వచ్చారు. ముగ్గురూ గాటుకి నిలబడ్డారు, ముగ్గురి భుజాలూ అందాయి.

పెరోన్ ముందుకొచ్చింది. ద్వారబంధానికి వీపు ఆనించి నిలబడింది. భుజం గాటుకి సరిగ్గా అందింది!

అందరం నోళ్లు తెరిచాం. ఫాదర్ దియుదొన్నె కళ్లజోడు సవరించుకుని దగ్గరికొచ్చి చూశాడు.

"మాదాం బొషే, పోయిన వారంకంటే పెరిగారే! నేను రోజూ ప్రార్థన చేస్తాను, నాకు ఒక్క అంగుళం కూడా రాలేదు."

"మీరు సరిగ్గా చెయ్యడంలేదేమో, ఫాదర్."

"ఒకసారి నడిచి చూపిస్తారా?"

పెరోన్ నడిచింది. ధబ్, ధబ్, ధబ్. రాతినేల మీద పెట్టె ఈడుస్తున్నట్టు చప్పుడు. నాలుగో అడుగుకి తూలి కోరలీ మీద పడింది. ఆ పిల్ల పట్టుకునేసరికి పొడవాటి గౌను కింద నుంచి సెరఫిన్ పాత బూట్లు బయటపడ్డాయి. మంచులో తీగబండి దగ్గర వేసుకునేవి. లోపల చీజు అచ్చుల కింద పరిచే దళసరి ఉన్నిగుడ్డలు మడతలు మడతలుగా కుక్కి ఉన్నాయి.

గుమ్మం అవతలనుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఒడీల్. పెట్లోంచి తీసిన గౌనులో ఉంది. నడుం దగ్గర గుండీలు పెట్టడం కుదరక పిన్నీసులు గుచ్చుకుంది.

"నువ్వెందుకు వచ్చావే ఇక్కడికి?" అంది పెరోన్.

"చూడ్డానికి. ఇంత మంచి సినిమా ఊళ్లో మళ్లీ ఎప్పుడాడుతుంది?"

పెరోన్ బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పింది. ఒకటి, తర్వాత రెండోది. వాటిని కాసేపు ఒళ్లో పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. మేజోళ్లతో లేచి వెళ్లి, పైగాటుకి కాదు, పాతగాటుకి నిలబడింది. భుజం దానికి సరిపోయింది.

"రావే" అంది. "వచ్చి నిలబడు. పిల్లాణ్ణి తీసుకో. సొట్టతో సహా తీసుకో."

ఒడీల్ పక్కన నిలబడింది. ఇద్దరి భుజాలూ ఒక్క గీతలో ఉన్నాయి. చిన్నప్పుడు బల్ల మీద కూడా ఇలాగే కూర్చునేవాళ్లేమో.

బెంచీ కథ అప్పటికే ఊరంతా పాకింది కాబట్టి ఫాదరుగారు సరేనని తలూపాడు, పొడుగు అమ్మాయిల్లో ఒకతె ఈ ఏటికి కొవ్వొత్తి పట్టుకుంటానని పక్కకి తప్పుకుంది. కోరలీ ఊపిరి పీల్చుకుని అంది: "నేను వెనక మోస్తే బాగుంటుంది, తాతీ. ముందుంటే నాకు పాటలు రావని అందరికీ తెలిసిపోతుంది." మా ఊళ్లో చిన్నవాళ్లంతా ఇద్దర్నీ తాతీ అనే పిలుస్తారు, పిన్ని అన్నట్టు.

"పాటలు రాకపోతే పెదాలు కదుపు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్లీ మూతులు ముడుచుకున్నారు.

పండుగనాడు ఎండ బాగా కాసింది. గంటలు మోగగానే నల్లటోపీల జరీ అంచులు తళుక్కుమన్నాయి. నేను కొవ్వొత్తి పట్టుకుని పల్లకి పక్కనే నడిచాను కాబట్టి జనానికి వినపడనిది నాకు వినపడింది. పాట చరణానికీ చరణానికీ మధ్య, కర్ర కింద, వాళ్ల మాటలు ఆగలేదు.

"కుడికాలు ముందు వెయ్యవే."

"నీ కుడికాలా, నా కుడికాలా?"

"ఇద్దరికీ కుడి ఒకవైపే ఉంటుంది, ఒడీల్."

"గౌను చిరిగేలా ఉంది. పిన్నీసు గుచ్చుకుంటోంది."

"యాభై ఏళ్లు దాచావు, ఇంకో అరగంట దాచు."

"ఎవరివల్ల దాచాను?"

"నావల్లే, నావల్లే, పాట పాడు!"

మరియమ్మ ఎక్కుడుదారిలో నిటారుగా, నిశ్చలంగా నడిచింది. కిరీటం ఇంతైనా కదల్లేదు. కిందనుంచి చూసినవాళ్లు ఇంత తిన్నగా ఎప్పుడూ చూడలేదన్నారు. ఫాదర్ దియుదొన్నె స్వెట్టరు మీద పూజవస్త్రం వేసుకుని, చెమటలు కక్కుతూ, ఈ ఊళ్లో తనకి మొదటిసారి వెచ్చగా ఉందని ఆనందపడ్డాడు.

సమాధుల గేటు దగ్గర ఆగారు. పెరోన్ కర్రని కాస్త తనవైపు తిప్పబోయింది. తిప్పనక్కర్లేకపోయింది. ఒడీల్ అప్పటికే తన వైపు కర్ర ముందుకి నెట్టింది. మరియమ్మ మొహం నెమ్మదిగా సెరఫిన్ వైపుకి తిరిగింది.

"నీకెలా తెలుసే?" అంది పెరోన్, గొంతు లోలోపల.

"ప్రతి ఏడూ కిటికీలోంచి చూస్తున్నాగా. గుడ్డిదాన్నా?"

ఆ తర్వాత పై గుడిదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. పాడారు. పెరోన్ గొంతు బొంగురుగానే ఉంది, ఒడీల్ శ్రుతి తప్పింది. దిగేటప్పుడు కోరలీ ముందుకొచ్చింది, వీళ్లిద్దరూ వెనక్కి వెళ్లారు. తల్లి అలాగే నిటారుగా దిగింది. చౌకులో అందరికీ తెల్ల ద్రాక్షసారా, బ్లూబెర్రీలు పరిచి కాల్చిన తార్త్‌లు పంచారు. తార్త్‌లు ఒడీల్ చేసినవే. పెరోన్ మూడు ముక్కలు తిని, చక్కెర ఎక్కువైందని చెప్పింది.

ఆ గురువారం గడియారానికి కీ ఇచ్చి దిగేసరికి పెరోన్ పీఠం ముందు నిలబడి ఉంది. లియోన్ నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం, ఇద్దరు చిన్నపిల్లలు, తాతా బామ్మా. నేను నా బెంచీ మీద కూర్చున్నాను. ఇటలీనుంచి నడిచి వచ్చిన శిల్పి వచ్చాడు. ఉయ్యాలలు వచ్చాయి. ఏడుపుమొహం, నిద్రమొహం అయిపోయాయి. చిన్నపిల్ల పైకి వేలు చూపించి, "మరి ఆ నవ్వేవాడు?" అంది.

పెరోన్ నావైపు ఒక చూపు చూసింది. దగ్గింది. ఈకల చీపురు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"వాడా? వాడు..." అని ఆగింది. తర్వాత, గోపురంలో గంటకి వినపడేంత గట్టిగా, "వాడు షెనల్‌ల ఇంటివాడు! గడ్డం మీద సొట్ట చూశారా? ఆ ఇంట్లో అందరికీ ఉంటుంది. చౌకులో ఎర్రపూల కిటికీ దగ్గరికి వెళ్లి చూడండి, ఒకావిడ ఉంటుంది" అంది.

కుటుంబమంతా తలలెత్తి సొట్ట చూశారు. పెరోన్ ఇంక ఉండబట్టలేక, చిన్నపిల్ల చెవి దగ్గరికి వంగింది.

"ముక్కు మాత్రం మా ఇంట్లోంచి అరువు తెచ్చుకున్నాడు" అంది గుసగుసగా.

వాళ్లు నవ్వుకుంటూ బయటికి వెళ్లాక నా బెంచీ దగ్గరికి వచ్చింది. చేతిలో తుడిచిన తార్త్ పళ్లెం ఉంది, ఒడీల్‌ది.

"విన్నావు కదా? సాక్షివి నువ్వే. దిగేటప్పుడు దాని ఇంటిముందు ఆగి ఈ పళ్లెం ఇవ్వు. చెప్పానని చెప్పు. గట్టిగా చెప్పానని చెప్పు. లియోన్‌వాళ్లు దాని కిటికీ చూడ్డానికి వస్తున్నారని కూడా చెప్పు, జుట్టు దువ్వుకుంటుంది. ఆ గౌను నాకు పంపమను, నడుం దగ్గర గుడ్డ వేసి కుడతాను, వచ్చే ఏడు పిన్నీసులతో నా పక్కన నడిస్తే నేనూరుకోను. వెళ్లు మరి, ఇంకా కూర్చున్నావేం?"

లేచి గుమ్మందాకా వెళ్లాను. వెనకనుంచి మళ్లీ పిలిచింది.

"గడియారం అబ్బాయ్! ముక్కు సంగతి మాత్రం చెప్పకు."